ఆరంగుళాల చూపు

మా బావను వీధిలో అందరూ చిల్లుల డాక్టరు అనేవారు. ఆ పేరు పెట్టింది నేనే. రఫూ చేసేవాళ్లు ఊళ్లో ఇంకా ఉన్నారు గానీ, వాళ్లు చేసింది మాసిక, ఈయన చేసింది మాయ. సిగరెట్ నిప్పు పడ్డ కోటు, ఎలుక కొరికిన శాలువా, మేకుకు తగిలి చిరిగిన ప్యాంటు, ఏది తెచ్చినా ముందు దాని అంచు మడత విప్పేవాడు. లోపల ఎవరికీ కనబడని చోట నుంచి అదే బట్ట దారాలు నాలుగు లాగి, వాటితోనే చిల్లు మీద మళ్లీ నేత నేసేవాడు. ఒకటి పైనుంచి, ఒకటి కిందనుంచి, గళ్లుంటే గళ్లు కలిసేలా, చారలుంటే చారలు కలిసేలా. మిషన్ మీద గడగడా కుట్టిపారేసే నాలాంటి టైలరుకు అది చూస్తుంటేనే మెడ పట్టేసేది.

మా కొట్టు వెడల్పు ఎనిమిదడుగులు. గుమ్మం పక్కన నా మిషను, కిటికీ కింద ఆయన స్టూలు. ఆయన మా అక్క మొగుడు. ఇరవై రెండేళ్లు ఒకే కప్పు కింద కూర్చుని రోజూ పోట్లాడుకున్నాం, ఒక్క రోజు కూడా విడిగా టీ తాగలేదు.

ఆయనకు చిన్నప్పటి నుంచీ దూరపు చూపు లేదు. సీసా అడుగుల్లాంటి కళ్లద్దాలు. వాటితో కూడా ఎదురుగా వచ్చేది బస్సో ఇల్లో చెప్పలేడని నేను ఏడిపించేవాణ్ని. పనిలో కూర్చున్నాక మాత్రం ఆ నోరు మూసుకునేవాణ్ని. కళ్లద్దాలు నుదుటి మీదకి తోసి, బట్టను మొహానికి ఆరంగుళాల దగ్గర పట్టుకున్నాడంటే, మనకి ఒకటిగా కనిపించే నేతలో ఆయనకి దారం దారం విడిగా కనిపించేది. భూతద్దం అక్కర్లేదు, పెద్ద బల్బు అక్కర్లేదు. ఆ లోటే ఆయన పనిముట్టు.

పని అయ్యాక ముందు నా మీదకే విసిరేవాడు. "ఒరేయ్ బామ్మర్దీ, ఎక్కడుందో చూపించు" అనేవాడు. వెలుగులో పెట్టి, తిరగేసి, వేళ్లతో తడిమి, ఓడిపోయి తిరిగిచ్చేవాణ్ని. ఇరవై రెండేళ్లలో మూడంటే మూడుసార్లు చూపించగలిగాను. ఆ మూడుసార్లూ మొత్తం విప్పేసి మళ్లీ చేశాడు. ఆ తర్వాతే బట్ట గలాయన చేతికి వెళ్లేది, అదే మాటతో: "ఎక్కడుందో చూపించండి."

రెండేళ్ల కిందట స్టూలు కిటికీ దగ్గర నుంచి గుమ్మం వైపు జరగడం మొదలైంది. ఈ మధ్య దారాల్లో పస లేదన్నాడు. బల్బుల్లో వెలుగు లేదన్నాడు. నేను గోడకి సున్నం వేయించకపోవడం వల్ల కొట్టు చీకటిగా ఉందని ఓ వారం నా మీద పడ్డాడు. ఒకరోజు బజార్లో మా అక్క ఎదురుపడి నవ్వితే, "కాస్త దారి ఇవ్వమ్మా" అని పక్కనుంచి వెళ్లిపోయాడట. అక్క ఇంటికొచ్చి నవ్వుతూనే చెప్పింది. చెప్తూ చెప్తూ ఏడ్చింది.

కంటి ఆసుపత్రిలో డాక్టరమ్మ చూసి రెండు కళ్లలోనూ శుక్లాలంది. ముందు కుడి కన్ను చేస్తామన్నారు. పాడైన లెన్స్ తీసి కొత్తది పెడతారు కదా, అది ఎంత దూరానికి కుదరాలో ముందే తేల్చుకోవాలట. ఆ సంగతి మాట్లాడే గదిలోకి నేనొక్కణ్నే వెళ్లాను. బావకి కంట్లో చుక్కలు వేసి బయట బెంచీ మీద కళ్లు మూయించి కూర్చోబెట్టారు. లోపల నీలం కోటు వేసుకున్న అమ్మాయి అట్టకి బిగించిన ఫారం మీద గబగబా టిక్కులు పెడుతోంది.

"బండి నడుపుతారా?"

"ఆయన నడిపితే మనమెవరం మిగలం."

"పేపరు, పుస్తకాలు చదువుతారా?"

"సంతకం పెట్టమంటే బొటనవేలు చూపించే మనిషమ్మా. అక్షరం ముక్క రాదు."

"అయితే దగ్గర చూపుతో పెద్ద పని లేదు. దూరానికి పెట్టేద్దాం. కళ్లద్దాలు లేకుండా హాయిగా తిరుగుతారు."

"పెట్టెయ్యండి. కనీసం పెళ్లాన్నయినా గుర్తుపడతాడు" అన్నాను.

ఆ అమ్మాయి నవ్వింది. నా జోకుకి నేనూ నవ్వుకున్నాను. కొట్లోంచి నేరుగా వచ్చానేమో, కొలత టేపు ఇంకా నా మెడలోనే వేలాడుతోంది. ఏం పని చేస్తారన్న ప్రశ్న ఆ కాగితం మీద లేదు. ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం అంటారు. నా నోరు జారాల్సిన చోట మూసుకుంది, మూసుకోవాల్సిన చోట జారింది.

కట్టు విప్పిన రోజు పండగే అనుకోండి. బావ ఆసుపత్రి కిటికీ దగ్గర నిలబడి, "ఒరేయ్, ఆ మేడ మీద ఆరేసిన చొక్కాకి రెండో బొత్తాం లేదు" అని అరిచాడు. గదిలో ఆ మూల నిలబడ్డ అక్కను చూసి, "నువ్వు ఇలా ఉంటావా?" అన్నాడు. "ఎలా ఉంటాననుకున్నారు?" అని అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను లోకాన్ని ఉద్ధరించినవాడిలా ఛాతీ విరుచుకుని తిరిగాను.

నెల తర్వాత కొట్టుకొచ్చాడు. స్టూలు మీద కూర్చుని, అలవాటుగా చెయ్యి నుదుటి మీదకి పోనిచ్చాడు. అక్కడ తొయ్యడానికి కళ్లద్దాలు లేవు. ఊదారంగు శాలువా ఒకటి మొహం దగ్గరికి తీసుకున్నాడు. ఇంకా దగ్గరికి. దూరంగా. ఒక కన్ను మూసి, మళ్లీ రెండో కన్ను మూసి. ఆ తర్వాత శాలువాను ఒళ్లో పెట్టుకుని చాలాసేపు దాన్ని నిమురుతూ ఉండిపోయాడు.

"కొన్నాళ్లు ఇలాగే ఉంటుందని డాక్టరమ్మ చెప్పింది కదరా?"

డాక్టరమ్మ అలాంటిదేమీ చెప్పలేదు. "అవును బావా, కొన్నాళ్లే" అన్నాను. నా మొదటి అబద్ధం అది.

చదువుకునేవాళ్లకిచ్చే కళ్లద్దాలు ఇచ్చారు. వాటితో అడుగు దూరంలో ఏదైనా శుభ్రంగా కనిపిస్తుంది. అడుగు దూరంలో సన్నటి ఉన్ని దారాలు ఒకదాన్నుంచి ఒకటి విడవవు. బల్ల దీపానికి బిగించిన భూతద్దం తెచ్చిపెట్టాను. దాని కింద చిన్న రూపాయి బిళ్లంత మేరే కనిపిస్తుంది, సూది లాగినప్పుడల్లా చెయ్యి అద్దానికి తగులుతుంది, కాస్త కదిలితే ఏ దారం దగ్గర ఉన్నాడో మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టుకోవాలి. రెండు రోజులు చూసి, మూడో రోజు తల తిరిగి వాంతి చేసుకున్నాడు. ముప్పై ఐదేళ్లుగా ఆయన చెయ్యీ కన్నూ కలుసుకున్న చోటు ఒక్కటే. ఆ చోటును నేను ఫారం మీద టిక్కు పెట్టించి చెరిపేశాను.

ఇక మిగిలింది ఎడమ కన్ను. దానికి ఆపరేషన్ కాలేదు, శుక్లం ముదురుతోంది, కానీ దానికింకా పాత దగ్గర చూపే ఉంది. మధ్యాహ్నం ఎండ గుమ్మంలో నిలువుగా పడే రెండు మూడు గంటలు, బాగైన కంటికి చేతిరుమాలు కట్టుకుని, పాడైన కంటితో పని చేసేవాడు. "పొర పట్టిన కన్ను కూడు పెడుతోంది, బాగు చేసిన కన్ను వీధి చూస్తూ కులుకుతోంది" అని నవ్వేవాడు. ఎడమ కంటి ఆపరేషన్‌కి ఇచ్చిన తేదీకి జ్వరమన్నాడు. రెండో తేదీకి నడుమన్నాడు. నాకు తెలుసు. ఉన్న ఆ మసక కూడా వాళ్లు ఎత్తుకుపోతారని భయం.

ఆ రోజుల్లోనే బూడిదరంగు గళ్ల కోటు ఒకటి వచ్చింది. ఒక బడిపంతులుగారిది, వాళ్ల నాన్న తొడుక్కున్న కోటట. మోచేతి మీద చిల్లు. బావ దాని మీద పదకొండు రోజులు కూర్చున్నాడు. అయ్యాక నా మీదకి విసిరాడు.

"చూపించు."

చూపించడానికి వెతకాల్సిన పని లేదు. కాలి మానిన చర్మంలా అక్కడ బట్ట ముడుచుకుపోయి ఉంది. నేను కోటును తిరగేశాను, వెలుగులో పెట్టాను, వేళ్లతో తడిమాను. ఆయన రుమాలు విప్పి నా మొహంలోకి చూస్తున్నాడు. ఆ కొత్త కంటికి నా మొహం ఎంత బాగా కనిపిస్తుందో నాకు తెలుసు.

"లేదు బావా. దొరకట్లేదు."

ఆయన మొహం వికసించింది చూడండి, ఆ తర్వాత నిజం చెప్పడం నా వల్ల కాలేదు. బావ అన్నానికి ఇంటికెళ్లిన వేళకి పంతులుగారు వచ్చాడు. కోటు చేతిలోకి తీసుకోగానే వేలు తిన్నగా అక్కడే పెట్టాడు. "ఇది ఆయన చేసిందేనా?" అన్నాడు. కాళ్లావేళ్లా పడి, రెండో కంటికి ఆపరేషన్ కాగానే మళ్లీ చేయించి ఇస్తానని చెప్పి, కోటును సంచిలో వేసి అటక మీదకి ఎక్కించాను. బావతో మాత్రం, "వీధి చివరిదాకా వెతుక్కుంటూనే పోయాడు" అన్నాను. అలా ఆర్నెల్లలో ఆ సంచిలోకి ఐదు బట్టలు చేరాయి. ప్రతిదానికీ నేను వెతికినట్టు నటించాను, ప్రతిదానికీ ఆయన నవ్వాడు.

ఒక పొద్దున ఎడమ కంటికి ఎండ కూడా చాలలేదు. అక్క ఇక ఊరుకోలేదు, మా ఇద్దర్నీ ఆసుపత్రికి తోలింది. డాక్టరమ్మ దీపం వేసి చూసి మండిపడింది.

"ఇంత ముదిరేదాకా ఏం చేస్తున్నారు? ఇది లోపల పగిలిందంటే ప్రెషర్ పెరిగి కన్నే పోతుంది. ఇచ్చిన తేదీకి ఎందుకు రాలేదు?"

"వస్తే దీన్ని కూడా దూరానికి పెట్టేస్తారు కదమ్మా" అన్నాడు బావ.

"పెడితే? హాయిగా ఉంటుంది కదా?"

"నేను రఫూ చేస్తానమ్మా."

ఆమె పాత కాగితాలు తిరగేసింది. "చదవరు, దగ్గర చూపుతో పని లేదు అని రాసి ఉంది ఇక్కడ. ఎవరు చెప్పారు?"

"నేనేనండి" అన్నాను.

బావ మెల్లగా నా వైపు తిరిగాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. "వాడు నిజమే చెప్పాడమ్మా, నాకు చదువు రాదు" అన్నాడు. నేల చీలితే అక్కడికక్కడే దూరిపోదును.

పెట్టిన లెన్స్ తీసి మార్చమని అడిగాను. ఇప్పుడు దాన్ని కదిలిస్తే కంటికే ప్రమాదం, ముట్టుకోనంది. అన్ని దూరాలకీ పనికొచ్చే లెన్స్ ఉందట కదా అన్నాను. "ఫోను చూసుకోవచ్చు, పుస్తకం చదువుకోవచ్చు. అంతకన్నా దగ్గరికి పనికిరాదు. అసలు ఈయన ఎంత దగ్గర పెట్టుకుంటారు?" అంది.

బావ చుట్టూ చూసి, బట్టేదీ దొరక్క, నా చొక్కా అంచు పట్టుకుని నన్నే తన మొహం దగ్గరికి లాక్కున్నాడు. నేను వంగి, మెడలోంచి టేపు తీసి, ఆయన కంటి కొన నుంచి బట్టదాకా కొలిచాను. ఆరంగుళాలు, మీద ఓ పావు. డాక్టరమ్మ నమ్మక తన స్కేలుతో మళ్లీ కొలిచింది.

"చూడండి" అంది, ఈసారి కాస్త మెత్తగా. "ఈ కన్ను కూడా దూరానికి పెడితే మీకు నడకకి ఢోకా లేదు, పని మాత్రం ఉండదు. అడుగు దూరానికి పెడితే రెండు కళ్లూ ఎలాగో సర్దుకుంటాయి. ఆరంగుళాలకి పెడితే తేడా మరీ ఎక్కువ. మెదడు రెండు బొమ్మల్నీ కలపలేదు. తల తిరుగుతుంది. మెట్ల మీద పడతారు."

"ఆర్నెల్లుగా అలాగే బతుకుతున్నాను కదమ్మా. ఒకటి దూరం, ఒకటి దగ్గర."

"ఇప్పుడు ఆ కన్ను మసక కాబట్టి మెదడు దాన్ని లెక్కచెయ్యట్లేదు. తేటపడితే ఊరుకోదు. ఒకసారి పెట్టాక మళ్లీ మార్చను. ఎల్లుండి పొద్దున చెప్పండి."

ఆ సాయంత్రం అక్క ఇంట్లో ముగ్గురం కూర్చున్నాం. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. అక్క ఒకటే మాట పట్టుకుంది. "అడుగు దూరానికి పెట్టించుకోండి. పడి తుంటి విరిగితే నేను ఎత్తగలనా? పని పోతే పోయింది, నేనున్నాను, వాడున్నాడు."

"పని పోతే ఆ స్టూలు మీద కూర్చునేదెవరు?" అన్నాడు బావ. "అక్కడ కూర్చోని మనిషి నీకెందుకే?"

అక్క లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. బావ నా వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పరా. నాకు అరవై దాటాయి. ఒక్కోసారి చెయ్యి వణుకుతున్నట్టుంటుంది. కన్ను వచ్చి చెయ్యి పోతే రెంటికీ చెడ్డ రేవడినవుతాను. కానీ ఈ గుడ్డి కన్నుతో చేసినవి కూడా నీకు దొరకలేదు. ఐదుకి ఐదూ దొరకలేదు. అంటే చేతిలో ఇంకా పనుంది కదా?"

నా అబద్ధాలన్నీ ఆయన కూడబెట్టుకుని, వాటి మీద నిలబడి కన్ను ఎంచుకుంటున్నాడు. చెప్పెయ్యాలి. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేను. చెబితే అడుగు దూరానికి ఒప్పుకుంటాడు, మెట్లు సరిగ్గా దిగుతాడు, కిటికీ కింద స్టూలు ఖాళీగా ఉంటుంది. చెప్పకపోతే, ఆ చెయ్యి నిజంగానే పోయి ఉంటే, పనీ నడకా రెండూ లేని మనిషిని అక్కకి అప్పగిస్తాను. పాడైంది కన్నో చెయ్యో నాకు మాత్రం ఏం తెలుసు? నోరు తెరిచాను. ఆయన ఆశగా చూస్తున్నాడు.

"ఉంది బావా" అన్నాను.

ఆపరేషన్ రోజు ఆ నీలం కోటు అమ్మాయే కాగితాలు తెచ్చింది. ఈసారి దూరం అంకెల్లో రాసి, పైకి చదివి వినిపించింది. బావ బొటనవేలు అద్దాడు. సాక్షి సంతకం నన్ను పెట్టమంది. ఇరవై ఏళ్లుగా బిల్లుల మీద గీకే సంతకం, ఆ రోజు రెండుసార్లు వంకరపోయింది.

కట్టు విప్పగానే బావ ఎవర్నీ చూడలేదు. తన బొటనవేలే ఆరంగుళాల దగ్గర పెట్టుకుని, దాని గీతలు ఒక్కొక్కటీ చూసుకున్నాడు. కళ్లు తుడుచుకోబోతే డాక్టరమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. లేచి నిలబడేసరికి గది తిరిగి, మళ్లీ కూలబడ్డాడు. ఆమె నా వైపు చూసి, "చెప్పాను" అంది, అంతే.

నేను ఆయన పాత కళ్లద్దాల్లోంచి అద్దాలు తీసేసి, ఆ ఫ్రేముకి నల్లగుడ్డ రెప్ప ఒకటి కుట్టాను. నడిచేటప్పుడు ఎడమ కంటి మీదకి, పని చేసేటప్పుడు కుడి కంటి మీదకి తిప్పుకునేలా. తిప్పుకోవడం మర్చిపోయి ఒకసారి ఇంటి మెట్ల మీద పడ్డాడు. మోకాలు చీరుకుపోయింది. అక్క నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

నెల తర్వాత కొట్టుకొచ్చాడు. ముందురోజు అక్క వచ్చి కొట్టంతా ఊడ్చి, అటక కూడా దులిపి వెళ్లింది. నేను వెనక్కి తోసి పెట్టిన సంచి ముందుకొచ్చింది. దాని మూతిలోంచి బూడిదరంగు కోటు చెయ్యి ఒకటి వేలాడుతోంది. గుమ్మంలోంచే చూశాడు. నేను పెట్టించిన దూరపు కన్నే దాన్ని పట్టింది.

"ఆ సంచి దించు" అన్నాడు.

దించాను. స్టూలు మీద కూర్చుని, రెప్పను అటు తిప్పి, కోటు మోచేతిని మొహం దగ్గరికి తీసుకున్నాడు. ఆ తర్వాత శాలువా. ఆ తర్వాత మిగిలిన మూడూ. నేను మిషన్ దగ్గరికి వెళ్లి ఊరికే కూర్చున్నాను.

"ఇది నీకు దొరకలేదన్నావు."

నేను మిషన్ మీది దారపు ఉండను సర్దాను.

"నీ కళ్లకి కూడా శుక్లాలొచ్చాయా?"

"నీ మొహం చూడలేక చెప్పాను బావా."

"ఆ మాట నమ్మే కదరా నేను కన్ను పెట్టించుకున్నాను."

కోటు మీద తను చేసిందంతా సూది మొనతో దారం దారం విప్పాడు. అంచు మడత తీసి కొత్త దారాలు వెతికాడు. పాతవి వాడేశాడు కాబట్టి అక్కడ ఎక్కువ మిగల్లేదు. టీ తెచ్చిపెడితే చల్లారిపోయింది. అన్నానికి లేవలేదు. మధ్యలో సూది రెండుసార్లు కింద పడితే నేను లేవబోయాను, చేత్తోనే వద్దని ఆపి తనే తడుముకుని తీసుకున్నాడు. చెయ్యి వణుకుతోంది. దూరం నుంచి నాకే కనిపిస్తోంది.

ఎండ తగ్గే వేళకి లేచి, రెప్పను ఇటు తిప్పుకుని, గోడ పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. కోటును నా మిషన్ మీద పరిచాడు.

"చూపించు."

గుమ్మంలోకి తీసుకెళ్లాను. మొదటిసారి దొరకలేదు. నిజంగానే దొరకలేదు. వెనక్కి తిప్పి, ఏటవాలుగా వెలుగులో పెట్టాను. అక్కడ, గడి మూల దగ్గర, కింద నుంచి పోవాల్సిన దారం ఒకటి పైనుంచి పోయింది. ఒకే ఒక్కటి. పంతులుగారు జన్మలో పట్టుకోలేడు. లేదు బావా అన్న మాట నాలుక కొసదాకా వచ్చింది, ఆర్నెల్లుగా దానికి దారి బాగా అలవాటు.

మింగి, దాని మీద వేలు పెట్టాను.

బావ కోటు లాక్కున్నాడు. రెప్ప తిప్పి, ఆరంగుళాల దగ్గరికి తీసుకుని, నేను వేలు పెట్టిన చోటే చూశాడు.

"అవును" అన్నాడు. "నాకూ కనిపిస్తోంది."

స్టూలు మీద కూర్చుని, ఆ దారం విప్పడం మొదలుపెట్టాడు.